పోర్ట్ క్లాంగ్‌లో కీమా ఆగిన రోజు

విజయనగరంలో నాకొక చిన్న వంటశాల ఉంది. అక్కడ చేసిన మటన్ కీమా సమోసాలు, కీమా ఉండలు రోజూ ఊళ్లోని బేకరీలకు వెళ్తాయి. ఏళ్ల తరబడి కత్తితో కొట్టిన కీమాతోనే నెట్టుకొచ్చాను. ఆర్డర్లు పెరిగాక పెద్ద గ్రైండర్ కొనక తప్పలేదు. అయితే యంత్రాలు అమ్మేవాళ్ల మాటలు నేను నమ్మను. టన్నుల్లో కీమా తీసే చోట ఒక రోజంతా నిలబడి కళ్లారా చూస్తేగానీ కొననని ఇంట్లో తేల్చి చెప్పాను. అలాంటి చోటు మలేషియాలో దొరికింది. మా తాతగారి అన్న ఒకాయన రబ్బరు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఆయన మనవరాలు సింహాచలం అక్క ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ రేవు దగ్గర, బీఫ్ కీమా తయారుచేసే ఫ్యాక్టరీలో నాణ్యత చూసే అధికారి. ఫోన్‌ చేసి అడిగితే, "దానికేటి, ఒచ్చీ సెల్లీ, అంతా సూపిస్తాను లా" అంది. చివర్లో ఆ 'లా' మలయ్ వాళ్లది. మిగతాదంతా మా బొబ్బిలి సంతలో వినపడే తెలుగే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో పెద్దమాంసం తినరు. అక్క ఇంట్లోనూ తినరు. ఈ వ్యాసం తినమనీ చెప్పదు, మానమనీ చెప్పదు. మేకదైనా, గేదెదైనా, ఆవుదైనా కీమా అయ్యాక దానికి పట్టే జబ్బులు ఒకటే, వాటికి మందూ ఒకటే. అది నేర్చుకోవడానికి వెళ్లాను. మీలో మాంసం వ్యాపారం చేసేవాళ్లు, వంటశాలలు నడిపేవాళ్లు, రేవు పట్టణాలు చూడాలనుకునేవాళ్లు ఉంటే ఈ దారి మీకు పనికొస్తుంది.

కౌలాలంపూర్ మధ్యలో ఉన్న పెద్ద స్టేషన్లో తెల్లవారాక కొమ్యూటర్ రైలు ఎక్కాను. పోర్ట్ క్లాంగ్ ఆ లైనుకి చివరి స్టేషను, నిద్రపోయినా దాటిపోయే భయం లేదు. టికెట్ ఐదారు రింగిట్లు, ప్రయాణం గంటకు కాస్త పైన. మధ్యలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా గులాబీ రంగు గుర్తున్న పెట్టెలుంటాయి, ఆడవాళ్లయితే వాటిలో కూర్చోండి. ఏసీ మాత్రం గట్టిగా ఉంటుంది, పలచటి శాలువా ఒకటి దగ్గర పెట్టుకోండి. క్లాంగ్ దాటాక కిటికీలోంచి ఇళ్లు తగ్గి గోదాములు మొదలవుతాయి. ఆపైన కంటెయినర్ల గుట్టలు, వాటి మీద క్రేన్లు, గేట్ల ముందు బారులు తీరిన లారీలు.

అక్క స్టేషన్ బయట కారుతో నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెడలో పసుపుతాడు. నన్ను చూడగానే, "మా తాత ముక్కే నీదీనీ" అంది. పక్కనే ఉన్న హోటల్లో టిఫినుకు కూర్చున్నాం. పెనం మీద పల్చటి రొట్టెలో కూరలాంటిది ఏదో పోసి, గుడ్డు కొట్టి, నాలుగు వైపులా మడుస్తున్న వంటమనిషిని అదేమిటని అడిగాను. "ముర్తబాక్, దాగింగ్" అన్నాడు. ఆ దేశంలో ఉత్తినే 'దాగింగ్' అంటే మాంసం అనుకుంటాం గానీ, వాళ్ల వాడుకలో అది పెద్దమాంసమే. ఆవైనా గేదైనా అదే పేరు. కోడి కావాలంటే 'ఆయం' అనాలి. నేను ఆయం అన్నాను. రెండు ముర్తబాకులు, రెండు టీలు కలిపి ఇరవై రింగిట్లలోపే అయింది.

ఫ్యాక్టరీ రేవుకు దగ్గరే, గోదాముల మధ్య తెల్లటి పొడుగాటి కట్టడం. గేటు దగ్గర జ్వరం చూశారు, చేతుల మీద గాయాలున్నాయేమో చూశారు. తర్వాత బట్టలు మార్చుకునే గదిలో గాజులు, చెవిదుద్దులు, ఉంగరం తీసేయమన్నారు. అక్క నా కంటే ముందే మెడలో పుస్తెల తాడు తీసి, చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, లాకర్లో దాచి తాళం వేసింది. రోజూ ఇంతేనా అని అడిగాను.

"రోజూ ఇంతే. సేరిన కొత్తలో మా అత్త గోల పెట్టీసింది. తాళి తీసి పనేటి అని. అత్తా, ఆ పుస్తె మిషన్లో పడితే ఎవురి పన్ను ఇరుగుతాదో సెప్పు అన్నాను. మరి నోరెత్తనేదు."

లోపల మమ్మల్ని కలిసినాయన పేరు హమీద్, హలాల్ పర్యవేక్షకుడు. ఇంగ్లీషులో మెల్లగా, స్పష్టంగా మాట్లాడే మనిషి. బయటి దేశాల నుంచి మాంసం తేవాలంటే ఎన్ని తలుపులు దాటాలో ఆయనే చెప్పారు. పశువును కోసే చోటును ముందే ఈ దేశం వాళ్లు వెళ్లి చూసి ఒప్పుకోవాలి. ప్రతి సరుకుతోనూ పశువైద్యుల ఆరోగ్య పత్రం, హలాల్ పత్రం రావాలి. రేవులో తనిఖీ కాకుండా కంటెయినర్ కదలకూడదు. పెట్టె మీద ఏ దేశం, ఏ జంతువు, ఏ నెల అని ఉండాలి. పంది మాంసం ఆ ఆవరణలోకే రాకూడదు, పనివాళ్ల భోజనం డబ్బాల్లో కూడా. "ఇవన్నీ ఇక్కడి కొనేవాళ్లకు మేమిచ్చే మాట," అన్నారు హమీద్. అక్కడ గడ్డకట్టి దిగే సరుకులో చాలా భాగం మన దేశపు గేదె మాంసమే. నేను విమానంలో వెళ్లిన దారినే అది ఓడలో వెళ్తోందన్నమాట.

ఇక నేను చూడడానికి వెళ్లిన పని. ఇటుకల్లా గట్టిగా ఉన్న మాంసం దిమ్మలను పూర్తిగా కరగనివ్వరు. కత్తి దిగేంత మెత్తబడేదాకా చల్లగదిలో ఉంచుతారు, అంతే. వాటిని ముక్కలు చేసి మొదట పెద్ద రంధ్రాల బిళ్ల ఉన్న గ్రైండర్లో, తర్వాత సన్న రంధ్రాల బిళ్లలో తిప్పుతారు. కొవ్వు ఎంతుండాలో మధ్యలో కొలిచి సరిచేస్తారు, లేబుల్ మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటవ్వాలి. ప్యాకెట్లన్నీ మెటల్ డిటెక్టర్ కిందుగా పోతాయి. గదిలో నా పళ్లు టకటకమన్నాయి. ఇంత చలి ఎందుకని అడగక్కర్లేదు, నాకు తెలుసు. వేడెక్కితే కొవ్వు కరిగి పూతలా పట్టేస్తుంది, కీమా పిండిముద్ద అయిపోతుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి. ముక్క మాంసానికి క్రిములు పైపైనే ఉంటాయి, పెనం తగలగానే చస్తాయి. కీమాలో పైదంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే కీమాని నడిమధ్య దాకా ఉడికించాలి, అంతవరకూ చల్లగా కాపాడాలి.

అప్పుడే కొత్త కంటెయినర్ వచ్చిందని కబురు రావడంతో అక్క వెనుక గేటుకు నడిచింది. నేనూ వెళ్లాను. పత్రాలు సరిపోయాయి, తాళం ముద్ర సరిగ్గా ఉంది. హమీద్ తలూపారు. అక్క మాత్రం ముందు వరసలో ఉన్న పెట్టెలు వదిలేసి, మధ్యలోంచి కొన్ని, వెనక గోడ వైపు నుంచి కొన్ని తీయించింది. ఒకదాన్ని తలకిందులుగా తిప్పి, కింది మూలను వేలితో నొక్కింది. అట్ట మెత్తబడి మళ్లీ ఎండినట్టుంది. లోపల ప్లాస్టిక్ విప్పితే అడుగున ఎర్రటి ఐసు, పెంకులా.

లారీ నడిపిన తమిళాయన వచ్చీరాని ఇంగ్లీషులో తొందరపడ్డాడు. "ఏమీ కాలేదక్కా, రాయిలా ఉంది, తట్టి చూడండి!"

"ఇప్పుడు రాయే," అంది అక్క. "మధ్యలో ఎక్కడో కరిగింది. కరగకపోతే ఈ రక్తం కిందకెలా దిగుతుంది?"

ఇంకో పెట్టె విప్పింది. అందులోనూ అదే. మూడోది బాగుంది. అయినా కంటెయినర్ మొత్తానికీ, వాడొద్దన్న గుర్తుగా, ఎర్ర పట్టీ కట్టించి, నమూనాలు ల్యాబ్‌కు పంపమంది. ఈలోగా మేనేజరు పరుగున వచ్చాడు. నిన్నటి సరుకు ఈ పొద్దున్నతో అయిపోయింది, ఈ రోజు వెళ్లాల్సిన ఆర్డర్లన్నీ దీన్ని నమ్ముకునే ఉన్నాయి. చెడ్డ పెట్టెలు పక్కన పెట్టి మంచివాటితో పని మొదలెట్టకూడదా అని అడిగాడు. ఆయన తప్పుగా అడగలేదు, ఆయన చోట నేనున్నా అదే అడిగేదాన్నేమో. అక్క గొంతు పెంచలేదు.

"ఏది మంచిదో నాకు తెలీదు సార్. తెలిసేదాకా గ్రైండర్ తిరగదు."

ఆయన ఆర్డర్లు ఇచ్చినవాళ్లకు కబురు చెప్పడానికి ఆఫీసుకు వెళ్లిపోయాడు. నాకు ఆ క్షణం భలే గర్వంగా అనిపించింది. అక్క ముఖంలో మాత్రం గర్వం లేదు. అప్పుడు అర్థం కాలేదు, ఫోన్ మోగాక అర్థమైంది.

ఫోన్ చేసినావిడ పేరు జైతూన్. సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర రబ్బరు తోటలో అక్కతో కలిసి పెరిగిన మనిషి, వాళ్ల నాన్న ఆ తోట లారీ నడిపేవాడు. ఇప్పుడు క్లాంగ్‌లో పెళ్లి విందులకు వండుతుంది. మర్నాడు మధ్యాహ్నం ఒక పెళ్లి, మూడు వందల మంది. విందులో పెట్టే బెగెదిల్‌కి, అంటే ఉడికించిన బంగాళాదుంపలో కీమా కలిపి వేయించే వడలకి, కీమా ఈ ఫ్యాక్టరీ నుంచే రావాలి. వాళ్లు మాట్లాడుకున్నది మలయ్‌లో. నాకు మాటలు తెలియలేదు గానీ ఆవిడ అరుపు తెలిసింది, అక్క మొహం వాడిపోవడం తెలిసింది. ఫోన్ పెట్టేశాక ఏమందని అడిగాను.

అక్క చేతి తొడుగులు ఊడదీస్తూ చెప్పింది. "నీ జన్మలో నోట్లో పెట్టుకోని మాంసం గురించి నీకేటి తెలుసు, నా పరువు తీసీసినావు అన్నాది." తొడుగులు బుట్టలో పడేసి, "తిననిది నిజమే కదేటి" అంది.

అక్క సెలవు పెట్టింది. ఇద్దరం కారెక్కి క్లాంగ్ మార్కెట్‌కు బయలుదేరాం. దారి అరగంట లోపే, కానీ లారీల వల్ల రెట్టింపు పట్టింది. అది శుక్రవారం. మధ్యాహ్నం నమాజుకని దుకాణాలు కట్టేస్తారు. మేము చేరేసరికి అక్కకు తెలిసిన మాంసం కొట్టు పెద్దాయన షట్టర్ సగం దించేశాడు. అక్క కిటికీలోంచే చెయ్యూపి ఆపింది. ఆ పూట వచ్చిన చల్లటి బీఫ్, ఎముక తీసిన పెద్ద ముక్కలు, ఇంకా మిగిలి ఉన్నాయి. కీమా తీసి ఇస్తాను, నమాజు నుంచి వచ్చేదాకా ఆగమన్నాడు. అక్క ఆయన యంత్రం వైపు చూసింది. పొద్దున్నుంచీ తిరిగి తిరిగి వేడెక్కి ఉంది. ముక్కలే ఇమ్మని తీసుకుంది. వాటిని ఐసు పెట్టెల్లో సర్ది నేరుగా జైతూన్ ఇంటికి పోయాం.

జైతూన్ లావుపాటి మనిషి, పూల స్కార్ఫు, మోచేతుల దాకా బంగాళాదుంపల పిండి. అక్కను చూసి పలకరించలేదు. ఐసు పెట్టె మూత తెరిచి చూసింది. "నా ఇంట్లో చిన్న మిషన్ ఒక్కటే ఉంది. ఇంత మాంసం దాంట్లో వేస్తే ముద్దయిపోతుంది," అంది. అక్క నాకు తెలుగులో చెప్పింది.

ఇది నా రంగం. అక్కను మధ్యలో పెట్టుకుని ఆ ఇంటి వంటగదిని నేనే నడిపించాను. ముక్కల్ని వేళ్లంత పొడవుగా కోయించి పళ్లేల్లో పరిచి ఫ్రీజర్లో పెట్టించాను. మిషన్ విప్పి కత్తి, బిళ్ల, గొట్టం కూడా ఫ్రీజర్లో తోయించాను. అంచులు బిరుసెక్కగానే కొద్దికొద్దిగా వేసి తిప్పాలి. గొట్టం చేతికి వెచ్చగా తగలగానే ఆపేసి, మళ్లీ చల్లార్చాలి. ఒకళ్లు కోస్తే ఒకళ్లు తిప్పాలి. చేతితొడుగులు వేసుకుని నేనూ దిగాను. పెద్దమాంసం ముట్టుకోవడం నాకదే మొదటిసారి. లోపల ఏదో అవుతుందనుకున్నాను. చల్లగా తగిలింది, అంతే. చేతులకు తెలిసిన పని కాబట్టి అవి చేసుకుపోయాయి.

మొదటి విడత కీమా సేమ్యాలా విడివిడిగా గిన్నెలో పడింది. జైతూన్ కొంచెం వేళ్ల మధ్య తీసుకుని విడదీసి చూసింది. అంటుకోలేదు. నా వైపు తిరిగి, "బాగుస్" అంది. బాగుందని. మాటలు కూడా దగ్గరగానే ఉన్నాయి మాకు.

ఎండ తగ్గే వేళకు పని అయిపోయింది. జైతూన్ దుంపల్లో కీమా, వేయించిన ఉల్లిపాయ, మిరియాలు, కొత్తిమీరకాడ కలిపి, గుడ్డులో ముంచి, కొన్ని వడలు వేసి చూసింది. అక్క జేబులోంచి పుల్లలాంటి థర్మామీటర్ తీసి ఒకదాని నడిమధ్యన గుచ్చింది.

"ముప్పై ఏళ్లుగా వండుతున్నాను. రంగు చూస్తే తెలియదా?" అంది జైతూన్.

"రంగు అబద్ధం చెబుతుంది. ఇది చెప్పదు," అంది అక్క. ఆ వడ లోపల వేడి సరిపోలేదు. జైతూన్ మూతి ముడిచి మంట తగ్గించి, ఇంకాసేపు వేయించింది. రెండోసారి సరిపోయింది.

అప్పుడు ఆవిడ ఒక పని చేసింది. చేతులు సబ్బుతో కడుక్కుని, అల్మారా పైఅరలోంచి ఒక చిన్న పెనం దించింది. కొత్త నూనె పాకెట్ కత్తిరించి పోసింది. మాంసం కలపకముందే పక్కకు తీసి, మూత పెట్టి ఉంచిన దుంప ముద్దతో మా ఇద్దరికీ వడలు వేసింది. ఆ ముద్ద ఎప్పుడు తీసిపెట్టిందో నేను చూడలేదు. కోపంగా ఉన్నప్పుడే తీసి ఉంటుంది.

అక్క ఆ పెనం వైపు చెయ్యి చూపింది. నాతో అంది: "మాయమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఈళ్లమ్మే నాకు వండిపెట్టీది. నా కోసం ఒక గిన్నె యేరేగా ఉంచీది. ఎవుర్నీ ముట్టనిచ్చీది కాదు."

జైతూన్‌కి తెలుగు రాదు. అయినా 'అమ్మ' అన్న మాట, అక్క చెయ్యి పెనం వైపు చూపడం ఆవిడకు చాలాయి. పళ్లెం మా ముందు పెడుతూ మలయ్‌లో ఏదో అంది, అక్క నవ్వింది. "నేను అరిచింది మేనేజరు మీద అనుకో అంటన్నాది," అని చెప్పింది.

"మరి నువ్వేమన్నావు?"

"మేనేజరు అంత గట్టిగా అరిస్తే పడడు, నేను కాబట్టి పడ్డాను అన్నాను."

సాయంత్రం రైలుకు అక్క నన్ను క్లాంగ్ స్టేషన్లో దింపింది. పోర్ట్ క్లాంగ్ దాకా వెనక్కి వెళ్లక్కర్లేదు, అదే లైను. ఆఫీసులు వదిలే వేళ కాబట్టి నగరానికి వెళ్లే పెట్టెలు ఖాళీగా, ఎదురొచ్చేవి కిక్కిరిసి ఉన్నాయి. నా చేతులు ఎంత కడిగినా ఉల్లిపాయ వాసన పోలేదు.

ఇంటికొచ్చిన వారానికి అక్క ఫోన్ చేసింది. ల్యాబ్ ఫలితం వచ్చిందట. నమూనాల్లో హాని చేసేది ఏదీ దొరకలేదు. అంత గొడవా వృథాయేనా? జైతూన్‌కి చెప్పావా అని అడిగాను. చెప్పిందట. "అయితే ఆ రోజంతా నన్ను ఊరికే పరిగెత్తించావన్నమాట" అని జైతూన్ నవ్వీ నవ్వీ, తర్వాతి పెళ్లికి కూడా కీమా అదే ఫ్యాక్టరీకి చెప్పిందట. చలం, అంటే మా అక్క, పనిలో ఉన్న రోజే గ్రైండ్ చేసి పంపాలని షరతు పెట్టి మరీ. ఆ కంటెయినర్‌ను మాత్రం, కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకని, పంపినవాళ్లకే తిప్పి పంపేశారు.

"నీకేమీ అనిపించలేదా అక్కా?" అన్నాను.

"ఏటనిపిస్తాది సెల్లీ? ల్యాబ్ ఇప్పుడు సెప్పింది. శుక్రారం పొద్దున్న నాకు తెలిసింది ఎర్ర ఐసు ఒక్కటే. మళ్లీ కనపడితే మళ్లీ ఆపుతాను లా."

గ్రైండర్ కొనడానికి వెళ్లినదాన్ని, తిరిగొచ్చి ముందు చల్లగది కట్టించాను. గ్రైండర్ తర్వాత కొన్నాను, అనుకున్నదానికంటే చిన్నది. మంచి కీమా యంత్రంలో తయారవుతుందని వెళ్లేముందు అనుకునేదాన్ని. యంత్రం తిరగకముందే, పెట్టె తలకిందులు చేసి చూసే మనిషి దగ్గర సగం తయారవుతుందని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఆ మనిషి దాన్ని తింటుందా లేదా అన్నది ఆ ప్లేటు ముందు కూర్చున్న మూడు వందల మందిలో ఒక్కరికీ తెలియనక్కర్లేదు. వాళ్లు హాయిగా తిని, ఇళ్లకెళ్లి, మర్నాడు మామూలుగా లేచారు. అక్క చేసే పనికి వచ్చే ప్రతిఫలం అదే, ఎవరికీ ఏమీ జరగకపోవడం.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: ఇలాంటి ఫ్యాక్టరీ చూడాలంటే రెండు మూడు వారాల ముందే రాసి అనుమతి తెచ్చుకోండి, సోమవారం నుంచి గురువారం లోపు రోజు అడగండి. ఆ పొద్దున్న ఒళ్లు కాస్త వెచ్చగా అనిపించినా, గొంతు గరగరలాడినా రైలెక్కకండి. మా అక్క లాంటివాళ్లు చుట్టమని చూడరు, గేటు దగ్గరే ఆపేసి టీ ఇప్పించి వెనక్కి పంపుతారు.